పెద్ద ప్రేగుపై మోపిన నేరము

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పేరుగల వైద్యులు కొందరు పెద్ద ప్రేగును పనికిరాని అవయవమనియు, పైగా విషములకు పుట్టినిల్లనియు తలచినారు. ఈ తలంపు తప్పని తేలుటకు ముందే పలువురు రోగులు ఆ ప్రేగును పోగొట్టుకొన్నారు.

ఈ వాదమునకు పెద్ద దిక్కు ఎలీ మెచ్నికాఫ్. పారిస్‌లోని పాస్చర్ సంస్థలో పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు, రోగనిరోధక శక్తిపై చేసిన పరిశోధనలకు 1908లో పాల్ ఎర్లిఖ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందినాడు. పెద్ద ప్రేగులో నిలిచిన మలము కుళ్లుననియు, అందు పుట్టిన విషములు రక్తములో చేరి ముసలితనమును త్వరగా తెచ్చుననియు ఆయన ఊహించినాడు. విరుగుడుగా పులియబెట్టిన పాలు త్రాగుమని చెప్పినాడు.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్ అంతటితో ఆగలేదు. విడువని మలబద్ధకముతో వచ్చినవారికి పెద్ద ప్రేగునే కోసి తీసివేయసాగినాడు. కొందరికి నెమ్మదించినది, కొందరు శస్త్రచికిత్స తరువాత మరణించినారు. 1913లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో దీనిపై పెద్ద చర్చ జరిగినది. అయినను ఆ విషమేదో ఎవరును చూపలేకపోయినారు.

1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ ఆల్వారెజ్ ఒక చిన్న సంగతిని ఎత్తిచూపినాడు. మలవిసర్జన కాగానే తలనొప్పి, మందకొడితనము తగ్గిపోవును. రక్తములో విషమే ఉన్నచో అది అంత త్వరగా ఎట్లు పోవును? ప్రేగు నిండి దాని గోడ సాగుటయే బాధకు కారణము కావలెను. 1922లో డోనాల్డ్‌సన్ ప్రకటించిన ప్రయోగములో ఆరోగ్యవంతుల పురీషనాళమున దూది కూరగా, అట్టి బాధలే కలిగినవి. దూదిలో విషము లేదు కదా!

ఇక ఆ ప్రేగు చేయు పని యేమి? సుమారు 1.5 మీటర్ల పొడవు గల ఈ గొట్టములోనికి చిన్న ప్రేగునుండి రోజుకు దాదాపు 1.5 లీటర్ల ద్రవము వచ్చును. గోడలోని కణములు సోడియమును పీల్చుకొనగా నీరు దాని వెంట పోవును. మలముతో బయటికి పోవు నీరు 100 నుండి 150 మిల్లీలీటర్లు మాత్రమే. మనము అరిగించుకొనలేని పీచును అచ్చటి బాక్టీరియా పులియబెట్టి ఎసిటిక్, ప్రోపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములుగా మార్చును. ప్రేగు గోడ కణములకు బ్యుటిరిక్ ఆమ్లమే ముఖ్యాహారమని 1980లో రోడిగర్ ప్రకటించిన పరిశోధన చూపినది. మెచ్నికాఫ్ శంకించిన సూక్ష్మజీవులే ఆ ప్రేగును పోషించుచున్నవి!

కాన్సర్ వంటి వ్యాధులలో నేడును పెద్ద ప్రేగును తీసివేయుదురు, మనిషి బ్రతుకగలడు. కాని లేకున్నను బ్రతుకవచ్చుననుట వేరు, పనికిరాదనుట వేరు. దూదితో తేలిన సంగతిని కత్తి పట్టుటకు ముందే తేల్చుకొనవలసియుండినది.