కాపీలో తప్పుంది, రాగిరేకులో ఒప్పుంది

మొన్న ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, రెండో స్టోరేజీకి రోజూ రెప్లికేషన్ నడుస్తనే ఉంటది కదా, మళ్లీ బ్యాకప్ వేరే ఎందుకు?" సర్వర్ల మధ్య కాపీలు నడపడమే నా ఉద్యోగం. అయినా దీనికి జవాబు నాకు మన గంగాధరలోనే దొరికింది.

ముందు పని సంగతి. నల్లతెర మీద ఆర్‌సింక్ అని కమాండ్ కొడతాం. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అని ఇద్దరు ఆస్ట్రేలియాలో తయారుచేసిన పనిముట్టు అది. ఫైలు మొత్తం మోయదు. ముక్కలుగా లెక్కగట్టి, తేడా ఉన్న ముక్కలనే పంపుతుంది. కానీ ఏది ఒప్పో ఏది తప్పో దానికి తెల్వది. మూలం పాడైతే ఆ పాడైనదాన్నే భద్రంగా అవతలికి చేరుస్తుంది. ఇక మూలాన్నీ గమ్యాన్నీ తారుమారుగా రాసి, పైగా డిలీట్ ఆప్షన్ పెట్టి ఎంటర్ కొట్టామా, ఖాళీ ఫోల్డరు నిండు ఫోల్డరును ఊడ్చేస్తుంది. కొత్తలో నాకూ జరిగింది. అప్పటినుంచి డ్రై రన్ చూడనిదే వేలు కదలదు.

ఇప్పుడు గంగాధర. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వలో క్రాస్‌రోడ్డు వస్తుంది కదా, ఆ గంగాధరే. వేములవాడ చాళుక్యుల కాలంలో, 959లో, సోమదేవసూరి అనే జైన పండితుడు 'యశస్తిలక' అనే సంస్కృత కావ్యాన్ని అక్కడ పూర్తిచేశాడు. చివర్లో తేదీ, ఊరు, రాజు పేరు, తన గురువుల పేర్లు రాసిపెట్టాడు. మనం ఇప్పుడు మెటాడేటా అంటాం చూడండి, అదే. గ్రంథం రాసిన చోటు మనది, దాన్ని బతికించింది మాత్రం దూరాన ఉన్న జైన భాండారాలు. శాస్త్రదానం పుణ్యమని తాళపత్రాలకు కాపీలు తీయించి పంచడం జైనుల పద్ధతి. ఆ శతాబ్దంలోనే అత్తిమబ్బె పొన్న కవి 'శాంతిపురాణానికి' వెయ్యి ప్రతులు రాయించిందని చెబుతారు. ఆమె పుట్టిల్లు వేంగి దేశం, అంటే మన తెలుగు గడ్డ.

అయితే చేత్తో రాసే కాపీలో చెయ్యి జారుతుంది. యశస్తిలక ప్రతుల్లో రాజు పేరు కొన్నిటిలో వాగరాజు అని ఉంది. ఈ వంశంలో ఆ పేరుగల రాజెవరు? ప్రతి ముందు ప్రతి పెట్టుకుని ఎన్నిసార్లు చూసినా తేలదు, ఒకే మూలం నుంచి వచ్చిన తప్పు అన్నిట్లోనూ ఒకేలా ఉంటుంది కనుక.

తేల్చింది వేరే చోట ఉన్న వేరే రికార్డు. మహారాష్ట్రలోని పర్భణిలో రాగిరేకులు దొరికాయి, 966 నాటివి. మూడో అరికేసరి వేములవాడలోని శుభధామ జినాలయం కోసం సోమదేవుడికే ఒక ఊరిని దానమిచ్చిన శాసనం అది. ఆ గుడి కట్టించింది తన తండ్రి బద్దెగుడు అని అందులో ఉంది. దాంతో వాగరాజు అన్నది వద్యగుడు, అంటే బద్దెగుడే అని పండితులు సరిదిద్దుకున్నారు. గురుపరంపర మాత్రం రెండింట్లోనూ కలిసింది: యశోదేవుడు, నేమిదేవుడు, సోమదేవుడు.

ఒక్కటి కలవలేదు. కావ్యంలో సోమదేవుడిది దేవసంఘం, రాగిరేకుల్లో గౌడసంఘం. నాకైతే ఈ తేడాయే ముచ్చటేస్తది. ఒకదాన్ని చూసి ఇంకోటి రాసి ఉంటే ఈ తేడా ఎప్పుడో చెరిగిపోయేది. అది నిలిచిందంటే రెండూ విడివిడి సాక్ష్యాలు అన్నట్టే. తమ్ముడూ, బ్యాకప్ వేరే ఉండాలనేది ఇందుకే. రెప్లికా మూలంతో పాటే మారిపోతుంది, పాత బ్యాకప్ మారదు. పోల్చాలంటే ఆర్‌సింక్‌లో చెక్‌సమ్ ఆప్షన్ పెట్టాలి, లేకుంటే అది సైజు, టైమే చూస్తది.

మరి కాపీయే లేనిది? గంగాధర మండలంలోనే కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో దానిమీద సంస్కృతం, కన్నడం, తెలుగులో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయకు దాదాపు వందేళ్ల ముందువి. పంపడికి ధర్మపురిని అగ్రహారంగా ఇచ్చిన సంగతీ అందులో ఉంది. అదే మన గోదావరి ఒడ్డు ధర్మపురి. నది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా.

2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాల్లో ఈ శాసనమూ ఒకటి. మూలం ఒక్క బండ. చుట్టూ జిల్లాలో గ్రానైట్ క్వారీలు గుట్టల్ని కోసుకుపోతున్నాయి. తడి కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది శాసనశాఖవాళ్లు తీసే అచ్చులున్నాయి, ముద్రిత పాఠముంది. కానీ ఒక అక్షరం మీద తగువొస్తే మళ్లీ ఆ బండ దగ్గరికే పోవాలి.

గుట్ట ఎక్కేవాళ్లు పొద్దున్నే ఎక్కండి. ఎండ పక్కనుంచి పడితే అక్షరాలు లేచి కనబడతాయి, ఫొటో బాగా వస్తది. ఉంటా మరి.