హాలీ రూపాయి మీది రంగు

జర ఆ మొద్దు లోపటికి నూకురా, పొగ కండ్లల్లకొస్తుంది. ఊఁ, ఇప్పుడు చూపియ్యి నీ సెల్లుల ఆ బొమ్మ. చార్మినార్ రూపాయే. అంచు పొంటి నీలం, దాని లోపట కుంకుమ వన్నె, నడిమిట్ల పచ్చటి బంగారం. నెమలి పింఛం లెక్కనే ఉన్నది, కాదంటలేను. వేలంల అంత ఎక్కువ ధర పాడుతరా దీనికి? సరే, పాడే ముంగట నా మాట జర ఇను.

నేను ఈ రూపాయల నడుమ పెరిగినోన్ని. మా నాయిన కామారెడ్డిల బెల్లం బేరం చేస్తుండె. గప్పుడు మన దిక్కు రెండు తీర్ల రూపాయలు నడుస్తుండె. నిజాం సర్కారుది హాలీ సిక్క, ఇంగ్రేజోళ్లది కల్దారు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. నూరు కల్దార్లు కావాల్నంటే నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీ లెక్కపెట్టాలె. బొంబాయి సరుకంటే కల్దారు లెక్క, ఊరి సరుకంటే హాలీ లెక్క. భిక్నూర్ అంగడిల బడి మొఖం చూడని ముసలమ్మలు సుత ఆ లెక్కలు నోటితోని చేస్తుండిరి. నువ్వు ఇంజనీరింగ్ చదివి కాలిక్యులేటర్ తీస్తవు!

మా నాయిన రూపాయి తీసుకుంటే ముందుగాల గడప రాయి మీద ఏసి మోగిచ్చేది. సన్నగ, పొడుగ్గ మోగాలె. మొద్దుగ "టప్" మంటే వాపస్. కంటితోని చూసుడు ఆ తర్వాతనే. ఇప్పుడు వేలంల రాయి మీద ఏస్తనంటే బయటికి నూకుతరు గానీ, తూకం అడుగొచ్చు. చార్మినార్ రూపాయి పదకొండు గ్రాముల మీద జరంత, 11.18 దాక. కల్దారు 11.66, అంటే తులం. కల్దారుల నూటికి తొంభై ఒక్క పాలు దాటి వెండి, హాలీల ఎనభై ఒకటి దాటి. అందుకే అవుసలాయన కడియాలు చేయిస్తనంటే కల్దారుకు ఎక్కువ కట్టిచ్చేటోడు.

ఈ చార్మినార్ బొమ్మ నిజాం మహబూబ్ అలీ పాషా కాలంల వచ్చింది. 1903ల సైఫాబాద్‌ల మిషన్ల టంకశాల పెట్టిన్రు. దానికి ముంగట ఎక్కువగ సుత్తెతోని కొట్టిన దొడ్డు బిళ్లలే, అచ్చు సగం పడితే సగం పడకపోయేది. మిషన్ రూపాయి మీద చార్మినార్ నడుమ వాకిట్ల ఒక్క అక్షరం ఉంటది, మంచిగ చూడు. మహబూబ్ పాషాదైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్‌దైతే ఐన్. సన్ హిజ్రీల ఉంటది. నీ బొమ్మల ఐన్ ఉన్నది. అమ్మేటోడేమో మహబూబ్ పాషాది అని రాసిండు. ఆన్నే ఒక గుర్తు పెట్టుకో.

ఇగ రంగు ముచ్చట. గాలిల ఉండే గంధకం వెండికి తగిలి పైన పొర కడతది. ఆ పొర ఎంత మందముంటే గంత రంగు మారుతది. ముందుగాల లేత పసుపు, ఆ తర్వాత రాగి ఎరుపు, ఊదా, ఆ తర్వాత నీలం. ఇంకా ముదిరితే నలుపు. ఈ వరుస తప్పదు. పసుపు, ఎరుపు లేకుండ తెల్ల వెండి పక్కపొంటనే ఒక్క గీత దాటి నిండు నీలం వచ్చిందంటే అది కాలం చేసిన పని కాదు, ఎవడో చేసిన పని.

రూపాయి ఎక్కడ పండుకున్నదో రంగు చెప్తది. మా నాయనమ్మ తన రూపాయలను ఎర్ర బట్టల మూట కట్టి టేకు సందుగ అడుగున పెట్టింది. రజాకార్ల కాలం అది. 1948ల పోలీస్ యాక్షన్ అయినంక సుత చాన్నాళ్లు బయటికి తియ్యలె. తీసినప్పుడు చూసిన్నేను. బట్టకు తగిలిన మొఖానికి రంగు పారింది, ఒకదానికొకటి ఆనుకున్న మొఖాలు తెల్లగనే ఉన్నయి. గట్లనే అట్ట ఆల్బంలల్ల పెట్టినయి అంచు నుంచి లోపటికి రంగెక్కుతయి. మన్నుల పాతిపెట్టిన ముంతల ఉన్నయంటవా, వాటికి రంగు రాదు, నల్ల మచ్చలు, గుంటలు పడతయి. "లంకెబిందెల దొరికింది సార్, ఇంద్రధనుస్సు చూడుర్రి" అని ఎవడన్న అంటే లేచి రా. అదీగాక మన్నుల దొరికిన ధనం పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలె, 1878 నాటి చట్టం అది.

మన ఇండ్లల్ల రూపాయలకు రంగెందుకు లేదో తెలుసా? దీపావళి వస్తే చాలు, లక్ష్మీ పూజకు తీసి చింతపండు పులుసుల నానేసి, బూడిదతోని తోముడు. గట్ల ఏండ్లకేండ్లు తోమితే అచ్చు మీది మెరుపే పోతది. ఆ తర్వాత పసుపు, కుంకుమ. ఆ పసుపు అక్షరాల సందులల్ల ఇరుక్కొని ఉంటది, దాన్ని సుత ఇప్పుడు "నేచురల్ టోనింగ్" అని అమ్ముతున్నరట! ఇగ తండాలల్ల లంబాడోళ్ల ఆడోళ్లు రూపాయికి కొంకి అతికిచ్చి మెడల ఏసుకుంటుండిరి. చూడ సక్కగ ఉండేది. ఆ కొంకి పీకేసిన మచ్చ అంచు మీద ఉంటే మాత్రం కొనేటోళ్లు మొఖం తిప్పుకుంటరు. హాలీ సిక్క 1950లల్ల మెల్లమెల్లగ పోయింది, పోయినంక సగం అవుసలి కుంపట్లకే పోయింది. చెయ్యి తగలనిది మిగిలిందే తక్కువ, అందుకే దానికంత ధర.

అమెరికాల ఉన్న మీ మామ ఒకసారి చెప్పిండు. అక్కడ మోర్గాన్ డాలర్లని వెండివి, వెయ్యి వెయ్యి గుడ్డ సంచులల్ల సర్కారు ఖజానాల దశాబ్దాలు పడి ఉన్నయట. 1960లల్ల బయటికి ఇడిస్తే, సంచి బట్టకు ఆనుకున్న వాటికి గిదే రంగు. మామూలు డాలర్‌కంటే రంగు డాలర్‌కు ఎన్నో ఇంతలు పెడతరట. ధర వచ్చినంక దొంగలు రాకుంటరా? ఉడకబెట్టిన కోడిగుడ్డు చీరి డబ్బల రూపాయి తోని కలిపి మూత పెడితే కొన్ని గంటలల్లనే రంగు తేల్తది. గంధకం పొడి, పొయ్యి మీద కాల్చుడు, అన్నీ ఉన్నయి. చార్మినార్ కాడ ఒక దుకాణపాయన నా ముంగటనే రెండు రూపాయలు తీసిండు, రెండింటికీ ఒకే తీర్గ, ఒకే చోట నీలం మచ్చ. వేరువేరు ఇండ్లల్ల పుట్టిన అన్నదమ్ములు గట్ల ఉంటరా? ఎందుకో ఏమో అని లేచి వచ్చిన.

అసలు రంగు అయితే దాని కింద వెండి మెరుపు బతికే ఉంటది. చేతిల పట్టుకొని దీపం కింద తిప్పితే మెరుపు బండి గిల్ల తీర్గ తిరుగుతది. అక్షరాల పక్కన, మినార్ల మొదట్ల రంగు జర మారుతది. దొంగ రంగు మీదమీదనే పూసినట్టు ఉంటది, పాత గీతల లోపటికి సుత పారుతది. గీత రంగు కంటే పాతదని అక్కడ్నే తెలుస్తది. పీసీజీఎస్, ఎన్‌జీసీ అని అమెరికా కంపెనీలు నాణెం చూసి ప్లాస్టిక్ డబ్బల మూసి నంబర్ ఏస్తయి. రంగు మీద అనుమానం వస్తే నంబరే ఇయ్యరు. డబ్బ ఉన్నది కదా అని కండ్లు మూసుకోవద్దు, దొంగ డబ్బలు సుత తిరుగుతున్నయి.

వేలం అంటే ఇంకో ముచ్చట. సుత్తె పడిన ధర అసలు ధర కాదు. దాని మీద కంపెనీ కమిషన్, ఆ పైన జీఎస్‌టీ. ఎంత దాక పాడాల్నో ముందే కాయితం మీద రాసుకో. నూరేండ్లు దాటినయి దేశం దాటనీయరు, 1972 చట్టం. మీ మామకు పంపుదామనుకుంటున్నవేమో, వద్దు. కల్దార్లల్ల 1939ది దొరికితే మస్తు పైసలట, అందుకే దానికి నకిలీలు సుత మస్తు. ఆ తర్వాత 1940ల కల్దారుల వెండి సగానికి దిగింది, రెండు సర్కార్లకూ యుద్ధం కొట్టిన దెబ్బే, హాలీల సుత అంతే. సగం వెండి రూపాయి మీద నిండు నీలం అని చెప్తే మాత్రం రెండు మాట్ల ఆలోచించు.

ఎవరికన్న రాయాల్నంటే గిట్ల రాయి: రెండు దిక్కులా చూపెట్టుర్రి, దీపం కింద తిప్పుకుంట వీడియో తియ్యుర్రి, తూకం చెప్పుర్రి, వెనక ఎవరి ఇంట్ల ఉండెనో తెలిస్తే చెప్పుర్రి అని. సైఫాబాద్ టంకశాలను 2022ల మ్యూజియం చేసిన్రు, రైలెక్కి పోయి ఒకసారి అసలు రూపాయి చూసి రా. వాకిట్ల అక్షరం ముచ్చట సుత అడుగు. అది సుత తప్పు రాసినోడు రంగు గురించి నిజం రాస్తడా?