ఎయిడ్స్ ఫ్లాపీ: చట్టం కంటే ముందు పుట్టిన నేరం

1989 డిసెంబరులో అనేక దేశాల్లోని వైద్యులకు, పరిశోధకులకు, కంప్యూటర్ వాడేవారికి లండన్ నుండి టపాలో ఒక ఫ్లాపీ డిస్కు అందింది. దానిపై ‘ఎయిడ్స్ సమాచారం’ అని రాసి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ సదస్సుకు హాజరైన ప్రతినిధుల జాబితా, ఒక కంప్యూటర్ పత్రిక చందాదారుల జాబితా దగ్గర పెట్టుకొని సుమారు 20,000 డిస్కులు పంపారని అంచనా. ఎయిడ్స్ పేరు వింటేనే లోకం వణికిన రోజులవి. డిస్కు అందుకున్నవారిలో చాలామంది దాన్ని అనుమానించకుండా కంప్యూటరులో పెట్టారు.

అందులోని ప్రోగ్రాము కొన్ని ప్రశ్నలడిగి, ఆ వ్యక్తికి వ్యాధి సోకే అవకాశాన్ని అంచనా వేసేది. దాని చాటున మరో పని సాగేది. కంప్యూటరును ఎన్నిసార్లు ఆన్ చేశారో అది లెక్కపెట్టేది. లెక్క సుమారు 90కి చేరగానే ఫైళ్ళ పేర్లను గుప్తలిపిలోకి మార్చి, పనామాలోని ఒక పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపమని తెరపై చూపేది. లక్షణాలు బయటపడేలోపు వ్యాధి శరీరంలో నిశ్శబ్దంగా గడిపే కాలం వంటిదే ఈ తొంభై సార్ల గడువు. నేడు రాన్సమ్‌వేర్ అని మనం పిలిచేదానికి తెలిసినంతలో ఇదే మొదటి ఉదాహరణ.

పంపినవాడిగా పోలీసులు పట్టుకున్నది హార్వర్డ్‌లో చదివిన జీవశాస్త్రవేత్త జోసెఫ్ పాప్‌ను. అతను అమెరికా పౌరుడు. డిస్కులు టపాలో పడింది లండన్‌లో, డబ్బు చేరవలసింది పనామాకు, బాధితులు అనేక దేశాలవారు. ఇది ఏ దేశపు నేరం? పైగా రుసుము చెల్లించకుండా వాడితే మీ ఇతర ప్రోగ్రాములకు హాని కలుగుతుందని డిస్కుతో వచ్చిన కరపత్రంలోనే ముందుగా హెచ్చరించారు. అలాంటప్పుడు దీన్ని బెదిరింపు అనాలా, ఒప్పందం ప్రకారం జరిగిన అద్దె వసూలు అనాలా?

అప్పటికే బ్రిటిష్ న్యాయవ్యవస్థకు ఇటువంటి చిక్కు ఒకటి అనుభవంలో ఉంది. ప్రెస్టెల్ అనే సమాచార వ్యవస్థలోకి ఇతరుల పాస్‌వర్డుతో చొరబడి, ప్రిన్స్ ఫిలిప్ మెయిల్‌బాక్సు దాకా వెళ్ళిన గోల్డ్, షిఫ్రీన్ అనే ఇద్దరిపై 1981 నాటి ఫోర్జరీ చట్టం కింద కేసు నడిపారు. వేరే చట్టం లేకపోవడమే అందుకు కారణం. కంప్యూటరులో క్షణకాలం నిలిచి చెరిగిపోయే పాస్‌వర్డు దొంగపత్రం కాజాలదని 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఇద్దరూ బయటపడ్డారు. ఆ లోటు తీర్చడానికి కంప్యూటర్ దుర్వినియోగ చట్టం 1990 ఆగస్టులో అమలులోకి వచ్చింది. అప్పటికి ఎయిడ్స్ ఫ్లాపీలు పంచడం పూర్తయి ఎనిమిది నెలలు. అందుచేత బ్రిటన్‌కు అప్పగించిన పాప్‌పై మోపినది పాత బెదిరింపు నేరమే. మానసికంగా విచారణకు తగిన స్థితిలో లేడని 1991లో కోర్టు తేల్చడంతో బ్రిటన్‌లో ఆ కేసు తీర్పు లేకుండానే ముగిసింది.

2000 మే నెలలో మనీలా నుండి ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు చరిత్ర పునరావృతమైంది. దానికి తగిన చట్టం ఫిలిప్పీన్స్‌లో లేదు. జూన్‌లో చట్టం చేశారు కానీ, గతంలో జరిగినదానికి అది వర్తించదు. నిందితుడిపై అభియోగాలు వదులుకోవలసి వచ్చింది. భారతదేశపు సమాచార సాంకేతిక చట్టం కూడా ఆ ఏడాది అక్టోబరులోనే అమలులోకి వచ్చింది. అయితే ఆలస్యం ఒక ప్రమాదమైతే అస్పష్టత మరొకటి. 2008 సవరణతో చేర్చిన 66-ఎ సెక్షన్‌లోని వదులు పదాలు నేరస్థుల కంటే మాట్లాడే పౌరులకే ఎక్కువ భయం కలిగించాయి. 2015 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

చట్టం ఉన్నా నిందితుడు చేతికి చిక్కుతాడన్న నమ్మకం లేదు. 2017 మే 12న వన్నాక్రై దాడికి ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుల్లో సుమారు మూడో వంతు ఇబ్బంది పడ్డాయి. శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి, కొన్ని అత్యవసర విభాగాలు రోగులను వేరేచోటికి పంపాయి. మరుసటి ఏడాది అమెరికా ఒక ఉత్తర కొరియా పౌరుడిపై అభియోగం మోపింది కానీ అతణ్ణి కోర్టుకు తేలేకపోయింది. ఆ దాడిని ఆపగల సాఫ్ట్‌వేర్ సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది. టీకా ఉంది, వేయించుకోనివారు జబ్బుపడ్డారు. ఆ వైరస్ వాడుకున్న లోపం మాత్రం అమెరికా నిఘా సంస్థ తన అవసరానికి దాచుకొన్న సాధనం నుండి బయటపడినది. ప్రజలను కాపాడవలసిన ప్రభుత్వమే లోపాన్ని దాచవచ్చునా అన్న ప్రశ్నకు ఏ శిక్షాస్మృతీ సమాధానం చెప్పదు.

శిక్ష మీద మాత్రమే ఆధారపడితే ఈ సమస్య తీరదని ఈ చరిత్ర చెబుతోంది. ప్రజారోగ్యం ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. ఎయిడ్స్ ఫ్లాపీకి సరిగ్గా నూరేళ్ళ ముందు, 1889లో, అంటువ్యాధుల గురించి వైద్యులు ఆరోగ్యాధికారికి తెలపాలని బ్రిటన్ చట్టం చేసింది. అక్కడ రోగి నేరస్థుడా కాదా అన్న ప్రశ్న లేదు. ఇరుగుపొరుగును కాపాడడమే లక్ష్యం. సైబర్ దాడుల విషయంలో ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. వ్యక్తిగత సమాచారం బయటపడితే ఆ సంగతి బాధితులకు తెలపాలని 2003లో కాలిఫోర్నియా చట్టం నిర్దేశించింది. దాడిని గుర్తించిన ఆరు గంటల్లో తెలపాలని 2022లో భారతదేశపు సెర్ట్-ఇన్ ఆదేశించింది.

వ్యాధిని దాచే కుటుంబాల్లాగే దాడిని దాచే సంస్థలూ, మోసాన్ని దాచే మనుషులూ ఉన్నారు. చట్టంలో ఎక్కడా లేని ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో నేడు మోసపోతున్నవారిలో మనం దూరంగా వదిలి వచ్చిన తల్లిదండ్రులూ ఉన్నారు. పరువు పోతుందని వారు నోరు మెదపరు. 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే బ్యాంకులు ఆపగలిగే అవకాశం ఉంది. చెప్పుకున్నవారిని తప్పుపట్టని వాతావరణం ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ, ప్రభుత్వ విధానంలోనూ ఏర్పడితే తప్ప ఎంత పదునైన చట్టమైనా నేరం వెనకాలే నడుస్తుంది.