మంచం పక్క వెట్టి

వెట్టి అంటే మాకు పుస్తకంలో చదివిన మాట కాదు. ఊళ్లో పెద్దకులపోడు చస్తే దూరపు చుట్టాలకు కబురు మోసింది మా మాదిగోళ్లే. గుంత తవ్వింది మేమే, తప్పెట కొట్టింది మేమే. కూలి అడిగితే 'మీ ఆచారం కదరా' అన్నారు. 1976లో వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆచారాన్ని బట్టి, పుట్టిన కులాన్ని బట్టి చేయించే చాకిరీ కూడా వెట్టి కిందికే వస్తుందని అందులో రాసినారు. మరి గుడిసె లోపలి వెట్టి సంగతేంది?

మాది గుమ్మఘట్ట మండలం. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. దానికి నీళ్లు చేరని ఏళ్లే ఎక్కువ. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. ఆ వానను నమ్ముకుని శెనక్కాయ ఏస్తాం. వాన ఎగ్గొడితే వయసులో ఉన్నోళ్లు బెంగళూరికి, బళ్లారికి పోతారు. ఊళ్లో మిగిలేది ముసలోళ్లు, వాళ్లను చూసుకోను ఒక కోడలు.

1998లో మా జేజికి పక్షవాతం వచ్చింది. 14 నెలలు మంచం మీదే ఉండి పోయింది. అమ్మ కలుపుకు పోవడం మానేసింది. తెల్లారకముందే లేచి గుడ్డలు మార్చేది, వేన్నీళ్లతో ఒళ్లు తుడిచేది, అంబలి తాపేది. ఈపున పుండ్లు పడకుండా రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పేది, రాత్రిళ్లు కూడా. అమ్మ కూలి ఆగేసరికి నాయన వడ్డీకి అప్పు తెచ్చినాడు. నీళ్ల బిందెలు మోయడానికి అక్కను ఏడో తరగతిలో బడి మాన్పించినారు. అక్క మళ్లీ బడికి పోలేదు. జేజికి ఒక్క పుండు పడలేదు. ఊరంతా అమ్మను పుణ్యాత్మురాలు అన్నారు. అప్పిచ్చినాయన మాత్రం ఆ పుణ్యాన్ని వడ్డీ కింద జమ కట్టుకోలేదు.

లెక్క కడదాం. 2024-25లో ఉపాధి హామీ కింద ఆంధ్రప్రదేశ్‌లో రోజుకూలి 300 రూపాయలు. 14 నెలలంటే 420 రోజులు. మొత్తం 1,26,000 రూపాయలు. ఇందులో రాత్రి పని లేదు. అక్క చదువు లేదు.

ఆ ఉపాధి పథకం మొదలైంది మా జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోడానికి ఒక ఆడమనిషిని పెట్టి కూలి ఇయ్యాలని ఆ చట్టంలో ఉండింది. అంటే సాకడం కూడా పనేనని సర్కారుకు తెలుసు. పసిబిడ్డను సాకితే కూలి. చావుబతుకుల్లో ఉన్న ముసలమ్మను సాకితే కోడలి ధర్మం!

2019 సర్కారు సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడతారు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలే చూపి, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టాలన్నారు. మంచిమాటే. అయితే ఆ లెక్క ఆమె చచ్చినాక ఇచ్చే పరిహారం కోసం. బతికున్నన్నాళ్లు లేని వెల చచ్చినాక వచ్చింది.

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో పక్షవాతంతో పూర్తిగా మంచాన పడినవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది రోగికి. సాకే మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. డబ్బున్నోళ్ల ఇండ్లల్లో ఇదే పనికి ఆయాను పెట్టుకుంటారు. ఆ ఆయా కూడా చాలాసార్లు మా గేరీల నుంచే పోతాది. అక్కడ జీతం, ఇక్కడ ధర్మం.

అమ్మ జేజిని ప్రేమగానే చూసింది. ప్రేమ ఉందని కూలి ఎగ్గొట్టడం ఏం న్యాయం? భూమి లెక్క, కూలి లెక్క రాసుకోను పల్లెలకు వచ్చే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మంచం పక్క ఎవరు కూచున్నారో, ఎన్ని రోజులు కూచున్నారో, ఆ ఇంట్లో ఏ పిల్ల బడి మానిందో కూడా రాసుకోండి. వెట్టి లెక్క అప్పుడే పూర్తయితాది.