డబ్బామీది పేరు, డబ్బాలోని పాలు

పంజగుట్ట కూడలినుండి అమీరుపేట వైపునకు నడచువారికి దారి పొడవున మందుల దుకాణములు కనిపించును. వాని అరలలో పసిబిడ్డల పాలడబ్బాలు వరుసగా పేర్చియుండును. తూకము ఒకటే, ఉద్దేశించిన వయస్సు ఒకటే. వెలలు మాత్రము వేరు. నెల మొదట పెద్దవెల డబ్బా కొన్న గృహస్థు నెలాఖరున చిన్నవెల డబ్బాను చేతికి తీసికొని, త్రిప్పి చూచి, తిరిగి అరలో పెట్టివేయుట అరుదు కాదు. నాలుగు రూపాయలు మిగుల్చుకొనుటకై కన్నబిడ్డకు అన్యాయము చేయుచున్నానా అను శంక అతని చేతిని వెనుకకు లాగును. తల్లికైతే ఆ శంక మరింత బాధాకరము. పాలు చాలక డబ్బా పట్టవలసి వచ్చెనను దుఃఖము ఆమెకు ముందే ఉండును. ఈ శంక ఎక్కడనుండి వచ్చెను? అది న్యాయమైనదేనా? ఈ రెండు ప్రశ్నలకును చరిత్రలో సమాధానము కలదు.

డబ్బాపాలు మన దేశమున పుట్టినవి కావు. పూర్వము తల్లికి పాలు లేనిచో చుట్టములలోని మరియొక బాలింత పాలిచ్చెడిది. కలవారి ఇండ్లలో పాలదాదులు ఉండెడివారు. అదియు కుదరనప్పుడు ఆవుపాలో మేకపాలో కాచి ఉగ్గుగిన్నెతో పట్టెడివారు. అమీరుపేట ఆనాడు నగరమునకు వెలుపలి పేట. పైగా వంశపు ప్రభువుల 'అమీరె కబీర్' బిరుదమునుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఇటువంటి పేటలలో సులభముగా దొరకునవి గేదెపాలు. గేదెపాలలో వెన్న హెచ్చు. పసికందు కడుపులో అవి గట్టిగా విరిగి అరుగుట కష్టము. నీరు కలిపినచో వెన్నతోపాటు బలమును పలుచబడును. తల్లిలేని శిశువు బ్రతికి బట్టకట్టుట ఆ కాలమున దైవాధీనము.

ఐరోపాఖండమునను ఈ కష్టమే ఉండెను. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1865లో శిశువులకొరకు ఒక కృత్రిమాహారమును ప్రకటించెను. రెండేండ్ల తరువాత, 1867లో, స్విట్జర్లాండులోని వెవే పట్టణమున హెన్రీ నెస్లే పాలు, గోధుమ కలిపిన పొడిని అమ్మనారంభించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున న్యూజిలాండు పాలపొడి 'గ్లాక్సో' అను పేరుతో బయలుదేరెను. 1924లో ఆ సంస్థ బొంబాయిలో తన వ్యాపారమును నెలకొల్పి మన దేశమున పాలడబ్బాలు పంచిపెట్టసాగెను. డబ్బాతోపాటు ప్రకటన కూడ వచ్చెను. బొద్దుగా నవ్వుచున్న బిడ్డల బొమ్మలను పత్రికలలో చూచినవారికి, ఆ ఆరోగ్యము ఆ పేరులోనే ఉన్నదని తోచుట సహజము. ఓడలమీద వచ్చిన సరకు గనుక వెల హెచ్చు; వెల హెచ్చు గనుక గుణము హెచ్చు అను నమ్మిక క్రమముగా పాతుకొనెను. నేటి గృహస్థు శంకకు బీజము ఇక్కడనే పడినది.

ఆ నమ్మికకు తొలి పరీక్ష స్వాతంత్ర్యము తరువాత వచ్చెను. 1950 తరువాతి దశకమున విదేశీమారక ద్రవ్యమునకు కరవు ఏర్పడి, దిగుమతులను తగ్గింపక తప్పలేదు. బిడ్డల పాలపొడిని మన దేశముననే, మన పాలతోనే చేసికొనవలెను. మన పాలలో హెచ్చుభాగము గేదెపాలు. గేదెపాలు పొడి చేయుటకు పనికిరావని పాశ్చాత్య నిపుణులు చెప్పుచుండిరి. గుజరాతులోని ఆనందు పట్టణమున 1946లో ఏర్పడిన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము ఆ మాటను అబద్ధము చేసెను. అక్కడ వర్ఘీస్ కురియన్‌కు తోడుగా నిలిచిన దలాయా అను పాడిశాస్త్రజ్ఞుడు గేదెపాలను పొడి చేయుట సాధ్యమని నిరూపించెను. 1955 అక్టోబరు 31వ తేదీన ఆ సంఘపు క్రొత్త కర్మాగారమును జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి.

పొడి చేయుట ఒకటి, దానిని పసిబిడ్డకు తగినట్లు చేయుట మరియొకటి. ఈ రెండవ పనిని మైసూరులో 1950లో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము చేపట్టెను. గేదెపాలలోని అధికమైన వెన్నను తగ్గించి, విరుగుడు మెత్తగా ఉండునట్లు చేసి, తగిన విటమినులు చేర్చి, శిశువుకు అరుగు పొడిని అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించిరి. ఆ పద్ధతిని అనుసరించి 1960లో 'అమూల్' పేర బిడ్డల పాలపొడి వెలువడెను. తాతలనాటినుండి బిడ్డకు బరువని భయపడిన గేదెపాలే, శాస్త్రమును సహకారమును కలిసి, బిడ్డకు ఆహారమైనవి.

హైదరాబాదున ఆ కాలపు పరిస్థితి ఒకపరి తలచుకొనుడు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినది. ఉద్యోగుల కుటుంబములు నగరమునకు తరలివచ్చినవి. అమీరుపేట ప్రక్కన సంజీవరెడ్డినగరు వెలసినది. సనత్‌నగరున కర్మాగారములు పెరిగినవి. జీతముమీద బ్రతుకు ఆ ఇండ్లలో వాకిట గేదె లేదు, ప్రక్కగదిలో అమ్మమ్మ లేదు. తల్లి పాలు చాలనప్పుడు దిక్కు అంగడిలోని డబ్బా. ఆ డబ్బాకును పలుమార్లు కొరత ఏర్పడెను. అడిగిన పేరు దొరకనప్పుడు దొరికిన పేరు తెచ్చుకొనవలసినదే. ఒక డబ్బా విడిచి మరియొక డబ్బా పట్టుట అను సమస్య మనకు క్రొత్త కాదు. మన తల్లులును అమ్మమ్మలును దానిని దాటి వచ్చినవారే.

పేరు మారినను బిడ్డకు హాని కలుగకుండ కాపాడునది ప్రమాణము. కల్తీ నిరోధమునకు 1954లో ఒక చట్టము, దాని స్థానమున 2006లో ఆహార భద్రతా చట్టము వచ్చినవి. శిశువుల ఆహారమునకు ప్రత్యేక నిబంధనలు 2020లో వెలువడినవి. ప్రపంచ దేశములన్నిటికి మార్గదర్శకమైన కోడెక్సు ప్రమాణము 1981నాటిది. దాని ప్రకారము సిద్ధము చేసిన నూరు మిల్లీలీటర్ల డబ్బాపాలలో 60కి తగ్గక, 70కి మించక కెలోరీలు ఉండవలెను. మాంసకృత్తులు, కొవ్వు, ఇనుము, విటమినులు మున్నగు వానికిని ఇట్లే హద్దులు కలవు. చట్టబద్ధముగా అమ్మబడు ప్రతి డబ్బాయు, పెద్దవెలదైనను చిన్నవెలదైనను, తన దేశపు చట్టము గీచిన గీటు దాటి రావలసినదే. ఆపైన హెచ్చు వెల కొంత ఐచ్ఛికముగా చేర్చిన పదార్థములకు, కొంత డబ్బా సొగసునకు, కొంత పేరునకు చెల్లును. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవారు ఊరక అనలేదు.

అట్లైనచో డబ్బాపాలవలన లోకమున శిశువులు మరణించిరనుట అసత్యమా? కాదు, అది సత్యమే. 1939లో సింగపూరున సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, పేద తల్లులకు తమ పాలు మాన్పించి డబ్బాపాలు అలవాటు చేయుట హత్యతో సమానమని నిర్భయముగా ఉపన్యసించెను. 1974లో బ్రిటనులోని ఒక ధర్మసంస్థ ఈ విషయముపై వెలువరించిన చిన్న పుస్తకము ప్రపంచమంతట అలజడి రేపెను. 1977లో అమెరికాలో నెస్లే సరకుల బహిష్కారము మొదలయ్యెను. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ పాలడబ్బాల విక్రయమునకు ఒక నియమావళిని ఆమోదించెను. అనుకూలముగా 118 దేశములు, ప్రతికూలముగా ఒక్క అమెరికా.

ఆ శిశువుల మరణకారణమును పరిశీలించినచో మన ప్రశ్నకు కీలకము దొరకును. వారు చిన్నవెల డబ్బా త్రాగి మరణించినవారు కారు. డబ్బా ఖరీదు భరింపలేని తల్లి దానిని ఎక్కువ దినములు వచ్చునట్లు పలుచగా కలిపెను. నీరు మురికిది, సీసా శుభ్రము కానిది. లెక్క చూడుడు. మూడు చెంచాలు వేయవలసిన నీటిలో రెండే వేసినచో, బిడ్డకు మూడు దినములలో రెండు దినముల ఆహారమే అందును. పాలు తెల్లగనే ఉండును, సీసా నిండుగనే ఉండును. బిడ్డ మాత్రము క్షీణించును. కనుక పేదవానికి పెద్దవెల డబ్బా కొన్నిసార్లు చిన్నవెల డబ్బాకంటె ప్రమాదకరము. సాగదీయవలెనను కోరికను పుట్టించునది ఆ వెలయే.

మన పార్లమెంటు ఈ పాఠమును గ్రహించినది. 1992లో చేసిన చట్టము 1993 ఆగస్టు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 2003లో మరింత బిగింపబడినది. దాని ప్రకారము పాలడబ్బాలకు ప్రకటనలు చేయరాదు. నమూనాలు, బహుమానములు పంచరాదు. డబ్బామీద బిడ్డ బొమ్మగాని తల్లి బొమ్మగాని ఉండరాదు. తల్లిపాలే శ్రేష్ఠమని స్ఫుటముగా ముద్రింపవలెను. ఒకనాడు నమ్మికను పుట్టించిన ఆ బొద్దుబిడ్డ బొమ్మ ఈ విధముగా డబ్బామీదనుండి తొలగెను.

తల్లిపాల విషయమున హైదరాబాదునకు ప్రత్యేకమైన స్థానము కలదు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయము 1958లో ఈ నగరమునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ ఆయెను. దానికి సారథ్యము వహించిన డాక్టరు సి. గోపాలన్ పేద తల్లుల పాలను పరిశోధించి, చాలీచాలని తిండి తినువారి పాలలో సైతము మాంసకృత్తులు అంతగా తగ్గవని చూపిరి. 1953లో ఆరంభమైన నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల నిధి ఏర్పడినది. పూర్వపు పాలదాది మరియొక రూపమున తిరిగివచ్చినట్లయినది. అన్నిటికంటె చవకైనదియు, అన్నిటికంటె మేలైనదియు తల్లిపాలే. అయినను తల్లి లేని బిడ్డలు, తల్లికి పాలు లేని బిడ్డలు ఎల్లప్పుడును ఉందురు. అమీరుపేట చేరువనున్న శిశువిహారులో పెరుగు అనాథ శిశువులను తలచినచో డబ్బాపాల అవసరము బోధపడును. డబ్బా పట్టిన తల్లిని నిందించు హక్కు ఎవ్వరికిని లేదు.

చవకదానిని గ్రుడ్డిగా నమ్మవచ్చునా అని అడుగువారికి 2008నాటి చీనా ఉదంతము సమాధానము. అక్కడ పాలపొడిలో మెలమిను అను రసాయనము కలిపిన కారణమున దాదాపు 3 లక్షల శిశువులు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి. ఆ పొడి అమ్మిన ప్రధానసంస్థ అనామకమైనది కాదు, ప్రసిద్ధమైనదే. బిడ్డను రక్షించునది పేరు కాదు, తనిఖీ. కనుక ముద్రలేని విడిపొడిని, గడువు దాటిన డబ్బాను, మూత సడలిన డబ్బాను ఎంత చవకైనను ముట్టరాదు.

డబ్బా మార్చదలచిన గృహస్థులు కొన్ని విషయములు గుర్తుంచుకొనవలెను. క్రొత్త డబ్బా బిడ్డ వయస్సునకు తగినదా అని చూడవలెను. పాత డబ్బాలోని చెంచాను క్రొత్త పొడికి వాడరాదు. చెంచాల కొలత సంస్థ సంస్థకు మారవచ్చును. ఎన్ని చెంచాలకు ఎంత నీరో డబ్బామీద చదివి, ఆ ప్రకారమే కలుపవలెను. కలిపిన పాలలో ఎనిమిదింట ఏడు వంతులు నీరే గనుక, డబ్బా పేరుకంటె నీటి శుభ్రత ముఖ్యము. మరిగించిన నీరు 70 డిగ్రీలకు తగ్గకమునుపే పొడి కలిపి, ఆపైన చల్లార్చి పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కలిపిన పాలను రెండు గంటలకు మించి ఉంచరాదు. సీసాకంటె మన ఉగ్గుగిన్నె కడుగుట సులభము. మార్చిన తొలిదినములలో విరేచనము రంగు, చిక్కదనము కొంత మారవచ్చును. వాంతులు, దద్దురులు, విరేచనములో రక్తము కనిపించినచో వెంటనే వైద్యునికి చూపవలెను. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు, పాలు పడని బిడ్డలకు వైద్యుడు వ్రాసిన ప్రత్యేకమైన డబ్బాను మాత్రము ఆయనను అడుగక మార్చరాదు.

ఇంతమాత్రము చూచుకొన్న తండ్రి చిన్నవెల డబ్బాను నిశ్చింతగా ఇంటికి తీసికొనిపోవచ్చును. మిగిలిన డబ్బుతో బాలింతకు ఒక పూట పప్పు, ఆకుకూర, పండు సమకూరినచో అదియు బిడ్డకు చేరునదే. డబ్బా మార్చుట బిడ్డకు ద్రోహము కాదు. కొలత తప్పుటయే ద్రోహము.