తిండి లేని దండయాత్ర

1944 మార్చి రెండో వారంలో జపాన్ 15వ సైన్యం చింద్విన్ నది దాటడం మొదలుపెట్టింది. సైనికులతో పాటు వేలాది ఎద్దులూ ఏట్లో దిగాయి. సామాన్లు వాటి మీద మోయించాలి, బియ్యం అయిపోతే వాటినే కోసుకుని తినాలి. చెంఘిజ్ ఖాన్ దండు ఇలాగే నడిచిందని సైన్యాధిపతి రెన్యా ముతాగుచి నమ్మాడు. మంగోలుల గడ్డి మైదానాల్లో చెల్లిన పద్ధతి మణిపూర్, నాగా కొండల్లో చెల్లలేదు. కొన్ని పశువులు నదిలో కొట్టుకుపోయాయి, చాలావరకు నిటారు కొండదారుల్లో కూలబడ్డాయి. సైనికుడి మూటలో ఉన్నది మూడు వారాల తిండి. ఆలోపు ఇంఫాల్ పడిపోతుంది, అక్కడి బ్రిటిష్ గోదాములు చేతికొస్తాయి, ఆ తర్వాత బెంగ ఉండదు. ఇదీ ఆయన లెక్క.

ఈ లెక్క తప్పని ముతాగుచికి ఎవరూ చెప్పకపోలేదు. రవాణా వ్యవహారాలు బాగా తెలిసిన ఆయన సొంత చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఒబాతా అభ్యంతరం చెప్పాడు. ఫలితంగా ఉద్యోగం పోయింది. ముతాగుచి సామాన్యుడు కాడు. 1937లో చైనాతో యుద్ధానికి నిప్పు రాజేసిన మార్కోపోలో వంతెన ఘర్షణలో అక్కడి రెజిమెంటు ఆయనదే. 1942లో సింగపూర్ పతనంలో ఆయన డివిజన్ ముందు వరసలో ఉంది. అప్పుడు జపాన్ సైన్యం శత్రువు వదిలేసి పోయిన తిండితోనే ముందుకు సాగింది. ఈసారీ అలాగే జరుగుతుందని ఆయన ధీమా. నా దృష్టిలో ఇంఫాల్ విషాదానికి బీజం ఆ పాత విజయంలోనే ఉంది.

అవతలి పక్షంలో బ్రిటిష్ 14వ సైన్యానికి అధిపతి విలియం స్లిమ్. బర్మింగ్‌హామ్‌లో చిన్న ఇనుప సామాన్ల వ్యాపారి కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బడిపంతులుగా, గుమాస్తాగా పనిచేశాడు. గలిపోలీలో గాయపడ్డాడు, తర్వాత గూర్ఖా పటాలంలో చేరాడు. 1942లో బర్మా నుంచి ఓడిపోయిన సైన్యాన్ని సుమారు 900 మైళ్లు వెనక్కి నడిపించుకొచ్చింది ఆయనే.

ఆ దారులు తెలుగువాళ్లకూ తెలుసు. రంగూన్ రేవులో, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చిన వాళ్లలో మన కోస్తా జిల్లాల కూలీలే ఎక్కువ. కోరంగి రేవు నుంచి ఓడెక్కారని అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయల్దేరారు. కొందరు అరకాన్ వైపు, కొందరు తము మీదుగా మణిపూర్ వైపు. మలేరియా, కలరా, ఆకలి దారి పొడవునా వేలమందిని బలితీసుకున్నాయి. ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మా యుద్ధం మనకు అంత దగ్గరగా వచ్చింది.

1942 ఓటమి తర్వాతి రెండేళ్లలో స్లిమ్ చేసిన పనులు యుద్ధ సినిమాల్లో చూపించే రకం కావు. 1943లో గాయపడి ఆసుపత్రికి పోయిన ఒక్కో సైనికుడికి 120 మంది చొప్పున జబ్బుపడి పోయేవారు. మెపాక్రిన్ మలేరియా మాత్ర తప్పనిసరి చేసి, ఉన్నట్టుండి తనిఖీలు పెట్టించాడు. మాత్రలు మింగించని ముగ్గురు కమాండింగ్ అధికారుల్ని తీసేశాడు. దాంతో మిగతావాళ్లు దారికొచ్చారు. పట్టు పారాచూట్లు చాలినన్ని దొరక్కపోతే కలకత్తా జనపనార మిల్లులతో గోనె పారాచూట్లు తయారు చేయించాడు. మనుషులు దూకడానికి పనికిరావు గానీ, బియ్యం బస్తాలు దించడానికి అవి చాలు. ఖర్చు కూడా చాలా తక్కువ.

ఆయన పథకం, ముందున్న దళాల్ని ఇంఫాల్ మైదానానికి వెనక్కి రప్పించడం. శత్రువు కొండలు దాటి, తిండి కరిగి, అలసిపోయి వచ్చాక కొట్టడం. అయితే స్లిమ్ కూడా పొరబడ్డాడు. టిడ్డిమ్ దగ్గరి 17వ డివిజన్‌ను వెనక్కి పిలవడం ఆలస్యమైంది. నాగా కొండల్లోని కోహిమా వరకు మహా అయితే ఒక రెజిమెంటే రాగలదనుకుంటే, జపాన్ సేనాని కోతోకు సాతో మొత్తం 31వ డివిజన్‌తో వచ్చిపడ్డాడు. ఈ రెండు తప్పుల్నీ స్లిమ్ తన ‘డిఫీట్ ఇంటు విక్టరీ’ పుస్తకంలో తనవేనని దాచకుండా ఒప్పుకున్నాడు. సేనానుల ఆత్మకథల్లో అది అరుదు.

ఆయన్ను కాపాడింది విమానాలు. చైనాకు సరుకులు మోస్తున్న విమానాల్ని ఆగ్నేయాసియా మిత్రపక్ష సర్వసేనాధిపతి మౌంట్‌బాటెన్ అధికారంతో మళ్లించి, అరకాన్‌లో పోరాడుతున్న 5వ భారత డివిజన్‌ను ఫిరంగులు, జీపులు, కంచర గాడిదలతో సహా గాల్లో ఇంఫాల్‌కు చేర్చారు. ముట్టడిలో ఉన్న మైదానానికి నెలల తరబడి వేల టన్నుల సరుకు అలాగే వచ్చింది. తిరుగు ప్రయాణంలో గాయపడినవాళ్లను, పోరాటంలో లేని 43 వేల మందిని బయటికి తరలించారు. తినే నోళ్లు తగ్గించడం కూడా యుద్ధమేనని గ్రహించిన సైన్యం అది.

కోహిమాలో కల్నల్ హ్యూ రిచర్డ్స్ కింద పోరాడగలవాళ్లు సుమారు 1,500 మంది: రాయల్ వెస్ట్ కెంట్ దళం, అస్సాం రెజిమెంట్, అస్సాం రైఫిల్స్, మరికొన్ని చిన్న దళాలు. ఎదుట ఒక డివిజన్. జిల్లా అధికారి బంగళా టెన్నిస్ కోర్టుకు ఈ పక్క వీళ్ల గుంతలు, ఆ పక్క వాళ్లవి. మధ్యలో గ్రెనేడ్లు. నీళ్లు కొలిచి పంచుకున్నారు. నాగా గ్రామస్థులు దారి చూపారు, శత్రువు ఆనుపానులు చెప్పారు, క్షతగాత్రుల్ని మోశారు. ఏప్రిల్ 20 నాటికి సాయం అంది దండు ఊపిరి పీల్చుకుంది గానీ, ఆ గుట్ట మీద పోరు మే నెలలోనూ సాగింది. ఇంఫాల్ పక్కన నుంగ్షిగుమ్ కొండ మీదికి ఏప్రిల్ 13న ట్యాంకులు ఎక్కాయి. అంత నిటారు కొండకు ట్యాంకులు వస్తాయని జపాన్‌వాళ్లు అనుకోలేదు. బ్రిటిష్ అధికారులంతా చనిపోవడమో గాయపడడమో జరిగాక, డోగ్రా సుబేదార్ రణబీర్ సింగ్, ట్యాంకు దళపు సార్జెంట్ మేజర్ క్రాడాక్ కలిసి శిఖరాన్ని గెలిచారు.

మర్నాడే, ఏప్రిల్ 14న, లోక్‌తక్ సరస్సు దగ్గరి మొయిరాంగ్‌లో, జపాన్ పక్షాన పోరాడుతున్న ఆజాద్ హింద్ ఫౌజ్ కల్నల్ షౌకత్ మాలిక్ త్రివర్ణ పతాకం ఎగరేశాడు. రెండు వైపులా మనవాళ్లే. 14వ సైన్యంలో అధికభాగం భారతీయులు. ఫౌజ్ వీరుల్ని గుండెల్లో పెట్టుకున్నాం, అది న్యాయమే. యూనియన్ జాక్ కింద పోరాడి మన నేల మీదే మరణించినవాళ్లను మాత్రం మన జ్ఞాపకంలోకి రానివ్వలేదు. 2013లో లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియం నిర్వహించిన ఓటింగ్‌లో ఇంఫాల్-కోహిమాను బ్రిటన్ అతిగొప్ప యుద్ధంగా ఎన్నుకున్నారు. జెమదార్ అబ్దుల్ హఫీజ్ ఇంఫాల్ దగ్గరే ప్రాణమిచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. ఆ పేరు మనలో ఎందరికి తెలుసు?

మే చివరికి వానలు కొండల్ని ముంచెత్తాయి. చింద్విన్ దాటినప్పటి నుంచి తన మనుషులకు సరఫరా దాదాపు శూన్యమని మొత్తుకుంటూ వచ్చిన సాతో, ఇక ఆజ్ఞ ధిక్కరించి డివిజన్‌ను వెనక్కి మళ్లించాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ అధిపతి అలా చేయడం ఊహకందని విషయం. జూన్ 22న కోహిమా నుంచి, ఇంఫాల్ నుంచి వచ్చిన స్లిమ్ దళాలు 109వ మైలురాయి దగ్గర కలిశాయి. జులై మొదట్లో జపాన్ దండయాత్ర విరమించింది. కదిలిన 85 వేల మందిలో సుమారు 30 వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది తూటా కాదు, ఆకలీ, విరేచనాలూ, మలేరియా. తిరుగుదారికి జపాన్ సైనికులు పెట్టుకున్న పేరు తెల్ల ఎముకల బాట.

ముతాగుచి తన కింది ముగ్గురు డివిజన్ అధిపతుల్నీ తొలగించాడు. సాతో తనను కోర్టు మార్షల్ చేయమన్నాడు. అక్కడ నిలబడి జరిగినదంతా చెప్పాలన్నది ఆయన పట్టుదల. పైవాళ్లు ఆ అవకాశం ఇవ్వలేదు. మతిస్థిమితం లేదని వైద్యులతో తేల్చి పక్కన పెట్టారు. కొద్ది నెలల్లో ముతాగుచి పదవీ పోయింది. 1966లో చనిపోయే దాకా ఆయన ఆ ఓటమికి కారణం కింది అధికారులేనని వాదిస్తూనే ఉన్నాడు.