ఇండియామ్యాన్ అంటే మనిషి కాదు, ఓడ

మన నేతగుడ్డ సముద్రం దాటిన చరిత్ర చదివితే ‘ఈస్ట్ ఇండియామ్యాన్’ అనే మాట తప్పకుండా ఎదురవుతుంది. తూర్పు ఇండియా మనిషేమో అనిపిస్తుంది. కాదు, అది తెరచాప ఓడ. ఇంగ్లీషువాళ్ళు యుద్ధం ఓడను ‘మ్యాన్ ఆఫ్ వార్’ అన్నారు, సరుకు మోసేదాన్ని ‘మర్చంట్‌మ్యాన్’ అన్నారు. ఆ వరసలోదే ఇదీను. ఇండియాకు వచ్చిపోయే ఓడ కాబట్టి ఇండియామ్యాన్. మరి ముందు ‘ఈస్ట్’ ఎందుకంటే, కరేబియన్ దీవులకు పోయే ‘వెస్ట్ ఇండియామ్యాన్’లు వేరే ఉండేవి. డచ్చివాళ్ళ మాట ఇంకా తేట: ‘ఓస్ట్‌ఇండీవార్డర్’, అంటే తూర్పు ఇండియాకు పోయేది అనే. అప్పట్లో వాళ్ళకు ఇండియా అంటే మన దేశం ఒక్కటే కాదు. మన రేవు ముఖం చూడకుండా చీనాకు పోయి టీ ఆకు తెచ్చిన ఓడకూ అదే పేరు.

ఈ ఓడల్ని కంపెనీ చాలావరకు సొంతంగా కట్టించుకోలేదు, యజమానుల దగ్గర బాడుగకు తీసుకునేది. 500 టన్నులు దాటితే పాదిరీని వెంట తీసుకెళ్ళాలని ఒక నియమం ఉండేది. అందుకని చాలా ఓడల్ని 499 టన్నులని రాయించారు! లెక్కల్లో అంత గట్టివాళ్ళు మరి.

1611లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వచ్చింది. అప్పటికే డచ్చివాళ్ళు అక్కడ ఉన్నారు. అందరికీ కావలసింది గుడ్డే. అక్కడ సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసుకుంటే చిన్న పడవల మీద బేళ్ళు చేరవేసేవాళ్ళు. ఆ బేలు వెనక ఎంత పనుందో మన ఇళ్ళల్లో వేరే చెప్పక్కర్లేదు. బయానా తీసుకుని నూలు కొనాలి, పడుగు చేయాలి, నేయాలి. తర్వాత చాకళ్ళు చలవ చేయాలి. అంతా అయ్యాక తాను నాసిగా ఉందని తిప్పికొడితే ఆ నష్టం మగ్గం మీద కూర్చున్నవాడిదే. ఓడ పేరులో ఇండియా ఉందిగానీ, లాభంలో మన వాటా అంతంతమాత్రం.

గుడ్డల పేర్లూ ఇలాగే ఊళ్ళను బట్టి పుట్టాయి. మన తీరంలో తయారై ఆఫ్రికాకు పోయిన గుడ్డకు ‘గినీ’ అని పేరు. అది చేరే చోటు పేరన్నమాట. పుదుచ్చేరి నుంచి ఫ్రెంచివాళ్ళు నీలిరంగు గినీ గుడ్డను సెనెగల్‌కు పంపేవాళ్ళు. ‘మదపొల్లం’ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది, అది పుట్టిన చోటు పేరు. నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీకి గుడ్డల కొట్టు ఉండేది. ఆ ఊరి పేరే వాళ్ళ నోట్లో నలిగి మదపొల్లం అయింది.

1813లో ఇండియా వర్తకం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. 1833 చట్టంతో దాని వర్తకమే ఆగిపోయింది, ఇండియామ్యాన్‌ల కాలం కూడా చెల్లింది. అప్పటికే గుడ్డ ఎదురు దిక్కున రావడం మొదలైంది. ఇంగ్లండు మిల్లుల్లో తయారైన తెల్ల గుడ్డకు వాళ్ళు పెట్టుకున్న పేర్లలో ఒకటి మదపొల్లం. మన పాలెం పేరు తగిలించుకున్న ఆ మిల్లు గుడ్డ మన బజార్లకే వచ్చి అమ్ముడుపోయింది.